వేలికి తగిలేలా లల్లి మొహం

మా చిన్నప్పుడు... ఒక మధ్యాహ్నం పెదపాడులో మా ఇంటికి ఎవరిదో శుభలేఖ వచ్చింది. అమ్మ దాన్ని రత్నం పిన్ని చేతిలో పెట్టింది. పిన్ని ఆ ఉబ్బెత్తు అక్షరాల మీద వేలు మెల్లగా జరుపుతూ, "శ్రీ... ర... స్తు..." అంది. చేస్తున్న పనులాపి అందరం అటే చూశాం.

రత్నం పిన్ని అమ్మకు చెల్లెలు. కాన్పు తర్వాత వచ్చిన జ్వరం తలకెక్కి, చూపు పట్టుకుపోయింది. కన్నబిడ్డ మొహం కూడా ఆవిడ సరిగ్గా చూసుకోలేదు... "కళ్ళు లేని మనిషి పసిబిడ్డను ఏం సాకుతుంది" అని అత్తగారు పిల్లను తాడేపల్లిగూడెంలోనే ఉంచేసుకుని, పిన్నిని మా ఇంటికి పంపేశారు. బాబాయి కూడా వాళ్ళమ్మ మాటకే తలూపాడు.

మా విజయక్క అప్పుడు తొమ్మిదో తరగతి. బొమ్మలు బాగా వేసేది. పిన్ని ఆ శుభలేఖ వదలకుండానే అడిగింది...

"విజ్జీ, మా లల్లి మొహం కూడా ఇలా వేలికి తగిలేలా వేయించగలవేమే?"

లల్లికి ఏడాది నిండబోతోంది. ఆ పుట్టినరోజుకి గ్రీటింగ్ కార్డు చేయించాలని అక్క పట్టుబట్టింది.

అమ్మ మా ఇద్దరినీ తీసుకుని గూడెం వెళ్ళింది. వాళ్ళు మమ్మల్ని వసారా దాటనివ్వలేదు. ఉయ్యాల మాత్రం గుమ్మం దాకా లాగించారు. లల్లి నిద్రపోతోంది... అక్క గబగబా పెన్సిలు తీసింది.

"పుట్టినరోజుకైనా ఒక్కసారి పంపండి అత్తయ్యగారూ, తల్లి ప్రాణం కదండీ," అంది అమ్మ.

పిన్ని అత్తగారు నవ్వుతూనే అన్నారు. "చూద్దాం లెండి. ఎండెక్కకముందే బయల్దేరండి మరి."

వస్తూ ఏలూరులో దిగాం. శుభలేఖలు వేసే ప్రెస్సులో మూర్తిగారని పెద్దాయన, బొమ్మను వెలుతురుకి పెట్టి చూశారు.

"బాగుందమ్మా... కానీ ఈ పెన్సిలు నీడలు పొంగవు. గీత ఒక్కటే పొంగుతుంది. నల్ల ఇంకుతో, కాస్త లావుగా గీసుకురా."

అక్క ఇంటికొచ్చి మళ్ళీ మళ్ళీ గీసింది. లల్లి బుగ్గల గుండ్రదనమంతా ఆ నీడల్లోనే ఉంది... అవి పోయాయి. మూసిన కళ్ళు, ముక్కు, పెదాలు, నుదుటి మీద పడ్డ జుట్టు మిగిలాయి.

మళ్ళీ ఏలూరు వెళ్ళాం. మూర్తిగారు బొమ్మను స్కాన్ చేసి, కంప్యూటర్లో మరకలన్నీ చెరిపారు. మీగడ రంగు దళసరి అట్ట మీద అచ్చు వేసి, తడి ఆరకముందే ఏదో పొడి చల్లి, దులిపి, వేడి కిందకు తోశారు. మా కళ్ళ ముందే గీతలు పొంగి మెరిశాయి... చివర్లో గాడి వేసి, అట్ట చిట్లకుండా మడిచారు. లోపల కూడా ఉబ్బెత్తు అక్షరాలే. "అమ్మకు... నీ లల్లి."

"అచ్చం కొట్లో కొన్నట్టుంది కదే!" అంది అక్క. దారంతా నన్ను దాన్ని ముట్టుకోనివ్వలేదు.

పుట్టినరోజు వచ్చింది. పిల్లను మాత్రం పంపలేదు.

కార్డు సిద్ధంగా ఉందని అక్క చెప్పగానే పిన్ని చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని కూర్చుంది. వేళ్ళు అంచు నుంచి మొదలుపెట్టాయి...

"ఇది కన్నేనా?"

"అవును పిన్నీ. నిద్రపోతుంటే గీశాను. మూసుకుని ఉంది."

"నిద్రపోతోందా..." పిన్ని వేలు ఆగిపోయింది, తాకితే లేస్తుందేమో అన్నట్టు. తర్వాత తన ముక్కు తడుముకుని, కార్డు మీద ముక్కు తడిమింది. తన పెదాలు, ఆ పెదాలు... అలా చాలాసేపు.

"గీతలు తెలుస్తున్నాయే విజ్జీ," అంది చివరికి. "పిల్లే తెలియట్లేదు."

అక్క పెరట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ వచ్చి పిన్ని పక్కన కూర్చుంది.

అయినా పిన్ని ఆ కార్డును వదల్లేదు. రోజూ తడిమి తడిమి పొంగంతా పొట్టులా రాలిపోయింది. ఆఖరికి మొహం ఉన్నచోట నున్నటి అట్టే మిగిలింది... పిన్ని దాన్నే తడిమేది. మూర్తిగారితో ఇంకోటి వేయిస్తానని నాన్న అంటే, "వద్దు బావా" అంది.

లల్లి బడికి వెళ్ళే వయసు రాకముందే పిన్ని పోయింది. ఆ రోజు తీసుకొచ్చారు పిల్లను. వాళ్ళ నాన్న కాలు పట్టుకుని వెనక దాక్కుంది. "అమ్మకు దణ్ణం పెట్టమ్మా," అని ఎవరో అంటే... ఎవరికి పెట్టాలో తెలియక, మా అమ్మ వైపు తిరిగి చేతులు జోడించింది.

అమ్మ అంతలా ఏడవడం నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు ఎవరి పుట్టినరోజైనా ఫోనులో బొమ్మ పంపేస్తున్నాం... క్షణం పట్టదు. ఎంత పెద్దది చేసి చూసినా వేలికి తగిలేది అద్దమే.

మీ ఇంట్లో ఎవరైనా చేత్తో గీసి చేయించిన కార్డు ఉందా అండీ? ఎవరి కోసం గీశారో, అది వాళ్ళకు చేరిందో లేదో... చెప్పండి.