అల్లం కాటా మీద మా చిన్నోడు

పోయిన వారం వేసిన తూకం రాళ్లనే నర్సమ్మ మళ్లీ కాటాలో వేసింది. రెండో తట్టలో మా చిన్నోడు ఉన్నాడు. ఆ తట్ట కిందికి దిగాలి. దిగలేదు సరికదా, మెల్లగా పైకి లేచింది. వాడు గాలిలో కాళ్లాడిస్తూ నా ముఖానికి ఎదురుగా వచ్చి ఆగాడు. నాకు నిజమైన భయం పుట్టింది సరిగ్గా అప్పుడే.

అంతకుముందు భయపడలేదని కాదు. నేను అసలే భయపడే మనిషిని. ఇద్దరు పిల్లల్ని పెంచినా ధైర్యం రాలేదు. వీడు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. గాలి తగిలితే అది వాడి ఊపిరో ఫ్యాన్ గాలో తెలియక ఫ్యాన్ ఆపి మళ్లీ చూస్తాను. అప్పుడు ఉక్కకు వాడు లేస్తాడు, నాకు సంతోషం. ఇప్పుడు ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి చూసి వచ్చాను. కానీ ఆ భయాలన్నీ నా లోపలివి. ఆ సాయంత్రం మాత్రం నా భయం అందరికీ కనబడేలా కాటాకు వేలాడింది.

బొంబాయి రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది మా ఇల్లు. ముందు అల్లం కమీషన్ దుకాణం, వెనక కాపురం. మా చీరలూ పుస్తకాలూ చివరికి చాయ కూడా అల్లం వాసనే. వీడు పుట్టినప్పుడు చాలా చిన్నగా ఉన్నాడు. దవాఖానలో చూసినవాళ్లంతా "పిల్లగాడు మంచిగున్నడు" అనడానికి బదులు "ముక్కు మంచిగున్నది" అన్నారు. ఎందుకలా అన్నారో తెలియనంత అమాయకురాలిని కాను.

మా దవాఖాన నర్సమ్మ అప్పుడే హైదరాబాదు నుంచి తిరిగి వచ్చింది. బాలింతలనూ అప్పుడే పుట్టిన పిల్లలనూ చూసుకోవడానికి నర్సులకు ప్రత్యేకంగా ఇచ్చే శిక్షణకు ఆమెను పంపారు. శిక్షణ అయిపోయినా సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు. అది రావాలంటే బరువు తక్కువున్న ఒక పిల్లవాడిని ఎంచుకుని, డబ్బా పాలు పట్టకుండా తల్లిపాలతోనే పెంచి చూపించాలి. వారం వారం తూకం వేయాలి. తర్వాత సంగారెడ్డి నుంచి డాక్టరమ్మ వచ్చి చూస్తుంది. నర్సమ్మ కళ్లు నా కొడుకు మీద పడ్డాయి. పుట్టీ పుట్టగానే వాడు ఒకరికి పరీక్ష పేపరు అయ్యాడు.

ఆమె సంచిలో ఇసుక నింపిన గుడ్డబొమ్మ ఒకటి ఉండేది. పిల్లవాడిని ఎలా పట్టుకోవాలో, పాలు తాగుతూ నిద్రపోతే ఎలా లేపాలో ఆ బొమ్మతో చూపించేది. మా అత్తమ్మ గడప దగ్గర కూర్చుని అంతా చూసేది.

"ఈ బొమ్మకు పాలిచ్చుడు నేర్చుకునేటందుకా సర్కారు నిన్ను హైదరాబాద్ తోలింది?"

"అవును పెద్దమ్మా. బొమ్మ అయితే ఏడ్వదు, ఎదురు చెప్పదు. అసలు కష్టం ఇండ్లకు వచ్చినంకనే."

ఆ జవాబు అత్తమ్మకు నచ్చింది. నచ్చినట్టు ఒప్పుకోలేదు కానీ, మరునాటి నుంచి నర్సమ్మకు చాయలో అల్లం ఎక్కువ పడింది.

వాడికి గట్టిగా చప్పరించే శక్తి లేదు. పాలు పిండి ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టమని, గిన్నెను ప్రతిసారీ మరిగే నీళ్లలో వేసి తీయమని నర్సమ్మ చెప్పింది. ఉగ్గుగిన్నె అనగానే అత్తమ్మ లేచి నిలబడింది.

"చూసినవా పిల్లా? గన్ని పుస్తకాలు చదివి ఆఖరికి మా ఉగ్గుగిన్నె కాడికే వచ్చిన్రు."

వాడికి మేకపాలు పట్టాలని మొదటి నుంచీ అత్తమ్మకున్న పట్టుదల ఆ రోజుతో సగం తగ్గింది. మిగిలిన సగానికి గడువు పెట్టింది. తూకంలో పిల్లవాడు పెరిగితే సరే, పెరగకపోతే మేక వాకిట్లోకి వస్తుంది.

అసలు చిక్కంతా ఆ తూకం దగ్గరే వచ్చింది. పసిపిల్లను తూకం వేస్తే దిష్టి తగులుతుందని అత్తమ్మ నమ్మకం. దవాఖాన కాటా అయితే అసలే వద్దంది. ఊళ్లో రోగం పిల్లలందరూ పడుకున్న కాటా అది అని ఆమె వాదన. నర్సమ్మ బతిమాలింది. అత్తమ్మ రెండు రోజులు ఆలోచించి తానే దారి చెప్పింది.

"మన దుకాణంల అల్లం కాటా మీద వేద్దాం. కానీ పిల్లగాడని ఎవ్వరు అనొద్దు. అల్లమనాలె. అల్లానికి దిష్టేంది?"

కాటా దగ్గర ఎవరైనా నోరుజారి బాబు అన్నా, పిల్లగాడన్నా తూకం చెల్లదు. వాడిని లోపలికి తీసుకుపోయి, ఉప్పు తిప్పేసి, మళ్లీ మొదలుపెట్టాలి. నర్సమ్మ ముఖం చూశాను. శిక్షణలో ఈ పాఠం లేనట్టుంది. అయినా సరేనంది.

మొదటి తూకం రోజు ముసురు పట్టి చలిగా ఉంది. వాడి గుడ్డలు విప్పడం ఇష్టంలేక నర్సమ్మ చుట్టిన దుప్పటితోనే తూకం వేద్దామంది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత అలాంటి దుప్పటే ఇంకొకటి అడిగి, మడిచి రాళ్ల వైపు పెట్టబోయింది.

"గదేంది?" అంది అత్తమ్మ.

"దుప్పటి బరువు తీసెయ్యాలె కద పెద్దమ్మా."

"తీసేసుడంటే? తరుగా?"

ఇక్కడ తరుగు గురించి చెప్పాలి. రైతు అల్లం తెస్తే దాని మీద మట్టి ఉందని, తడి ఉందని కమీషన్ దుకాణం వాళ్లు తూకంలో కొంత కోస్తారు. అదే తరుగు. అత్తమ్మ రాయికోడ్ వైపు రైతు బిడ్డ. ఆ మాట మీద తండ్రి తిట్టే తిట్లు వింటూ పెరిగి, తీరా కమీషన్ దుకాణంలోనే కాపురానికి వచ్చింది. మా మామగారు బతికి ఉన్నన్నాళ్లూ ఈ ఇంట్లో జరిగిన పోట్లాటలన్నీ తరుగు గురించేనట.

"నా మన్మ... నా అల్లానికి తరుగు తీస్తవా? మట్టున్నదా వాని మీద? తడున్నదా?"

"తరుగు కాదు పెద్దమ్మా, లెక్క."

"మా ఇంటాయన గూడ గిదే మాట అంటుండె!"

కాసేపు అలా నడిచాక అత్తమ్మ ఉన్నట్టుండి చల్లబడింది. దుప్పటి సరిగ్గా చుట్టలేదని వాడిని లోపలికి తీసుకుపోయి, తానే గట్టిగా చుట్టి తెచ్చింది. రాళ్ల వైపు రెండో దుప్పటి పెట్టే తూకం అయింది. మేము అనుకున్నదానికంటే ఎక్కువే తూగాడు. "అల్లం మంచిగున్నది" అని అందరం అన్నాం. రసాయనశాస్త్రంలో డిగ్రీ చేసిన నేను కూడా అన్నాను.

ఆ వారమంతా నర్సమ్మ చెప్పినవన్నీ చేశాను. వాడు పెరిగాడనే అనిపించింది. బుగ్గలు కాస్త వచ్చాయి, ఏడుపుకు గొంతు వచ్చింది. ఆ వారమంతా మా ఆయన మాత్రం గోదాం తాళం కనబడక ఇల్లంతా వెతుకుతూ, హమాలీలను వంకరగా చూస్తూ తిరిగారు.

రెండో తూకం నాటికి ఎండ వచ్చింది. నర్సమ్మ వాడిని ఒంటి మీద నూలుపోగు లేకుండా తట్టలో పడుకోబెట్టింది. చేయి తట్ట కిందే ఉంచింది. ఆ పైన ఏం జరిగిందో మొదట్లోనే చెప్పాను.

దించి మళ్లీ వేసింది. మళ్లీ లేచింది. మా ఆయన తట్టలు మార్చి చూశారు. అదే తీరు.

నర్సమ్మ వాడిని నా చేతికిచ్చి అల్లం సంచి మీద కూర్చుండిపోయింది. "పెద్దమ్మా, కోడల్ని ఏమనకున్రి. తప్పు ఆమెది కాదు. నేనే సరిగ్గ నేర్పలేదు. రేపు డాక్టరమ్మ వస్తది. పిల్లగాడు తగ్గిండని చెప్పాలె. వాళ్లు సంగారెడ్డి పెద్ద దవాఖానకు తీస్కపొమ్మంటరు."

సంచుల వెనక నుంచి ఏడుపు వినిపించింది. మా పెద్దపిల్లా, దాని తమ్ముడూ అక్కడ నక్కి అంతా విన్నారు. "తమ్మున్ని సంగారెడ్డిల ఉంచేస్తరా?" అని అది, ఎందుకో తెలియకుండానే వాడు, ఇద్దరూ రాగం అందుకున్నారు. పక్కింటామె వచ్చి ఇద్దరినీ తన ఇంటికి తీసుకుపోయింది. ఏడ్చి ఏడ్చి వాళ్లు అక్కడే పడుకున్నారు.

నేను ఏడవలేదు. ఏడిస్తే పాలు తగ్గుతాయని ఎవరో అన్నారు, ఆ భయంతో ఏడుపు కూడా రాలేదు. వాడిని ఒళ్లో పెట్టుకుని అత్తమ్మ వైపు చూశాను. ఇప్పుడు మేక వస్తుందనుకున్నాను. రాలేదు. నర్సమ్మ కాటా పక్కనే కూర్చుని పిల్లగాడు అంది కదా, దానికి కూడా అత్తమ్మ అరవలేదు. నాకు అనుమానం వచ్చింది అక్కడే.

"ఈ రాళ్లు మంచియి కావు," అంది కొడుకుతో.

"సర్కారు ముద్ర ఉన్నదమ్మా వాటి మీద."

"తట్టకు తొర్ర పడ్డదేమో."

"తొర్ర పడితే బరువెట్ల తగ్గుతదమ్మా?"

అత్తమ్మ నర్సమ్మను చూసింది. నర్సమ్మ గుడ్డబొమ్మను సంచిలో సర్దుకుంటోంది. బొమ్మ తల ఒకవైపు వాలిపోయి ఉంది.

"ఉండు బిడ్డా. జర ఆగు," అని అత్తమ్మ లోపలికి వెళ్లింది. కొంగు కింద ఏదో దాచుకుని వచ్చి తట్టలో వేసింది. ఠంగుమంది. అరచేయంత గోదాం తాళం.

"నా తాళం!" అన్నారు మా ఆయన. "హమాలీలను అనుమానపడితి కదమ్మా!"

"బాలింత పిల్లగాని పక్కల ఇనుం ఉండాలె. కొడవలి పెడితే నీ పెండ్లం భయపడ్తది. గందుకని తాళం పెట్టిన. దుప్పట్ల కాళ్ల కింది మడతల ఉండె."

నర్సమ్మ నోరు తెరిచింది. "పోయిన వారం తూకంల గూడ పెట్టిన్రా?"

"తూకంల నేను పెట్టలే. వానితోని పోయింది." ముఖం పక్కకు తిప్పుకుంది. "నువ్వు దుప్పటికి తరుగు తీస్తుంటే నేను చూసుకుంట ఊకుంటనా?"

నర్సమ్మ మొదట నవ్వు ఆపుకుంది. తర్వాత ఆపుకోలేకపోయింది. "గుడ్డలు తియ్యమన్నరు, చేతుల మురుగులు తియ్యమన్నరు, మొలతాడు గూడ చూస్కోమన్నరు. గోదాం తాళం సంగతి మాకు ఎవ్వరు చెప్పలే పెద్దమ్మా!"

నాకు ఇంకా నవ్వు రాలేదు. లెక్క తేలలేదు కదా. వాడిని తాళంతో సహా తట్టలో పడుకోబెట్టమన్నాను. నర్సమ్మ అవే రాళ్లు వేసి చేయి తీసింది. ఈసారి తట్ట కిందికి దిగింది. రాళ్ల వైపు చిన్న రాయి వేసింది, అయినా లేవలేదు. ఇంకొకటి వేసింది. అప్పుడు గానీ సమానం కాలేదు. పోయిన వారం కంటే వాడు పెరిగాడు. నా పాలతోనే పెరిగాడు. అప్పటిదాకా రాని ఏడుపంతా ఒక్కసారిగా వచ్చింది.

అదే సమయానికి వాడు తట్టలో ఉచ్చ పోశాడు.

"తడి సరుకు," అన్నారు మా ఆయన. "తరుగు తియ్యాలె."

అత్తమ్మ చూసిన చూపుకు తాళం తీసుకుని గోదాం వైపు వెళ్లిపోయారు.

రేపు డాక్టరమ్మ ముందు దవాఖాన కాటా మీదే తూకం వేద్దామని, ఒంటి మీద ఏమీ ఉండకూడదని నర్సమ్మ అడిగింది. అత్తమ్మ సరేనంది. తాను మాత్రం పక్కనే నిలబడి రాళ్లు చూస్తానంది.

తెల్లవారగానే పెద్దపిల్ల పక్కింటి నుంచి ఉరికి వచ్చింది, వెనకే దాని తమ్ముడు. ఉయ్యాలలో చిన్నోడు ఉన్నాడో లేడో చూసుకుని, "వీన్ని సంగారెడ్డి తోలుతున్నరా అమ్మా?" అని అడిగింది.

ఇద్దరినీ దగ్గరకు తీసుకున్నాను. వీధి వైపు తలుపు దగ్గరగా వేసి, మెల్లగా చెప్పాను.

"ఎక్కడికి పోడు. తమ్ముడు మంచిగ పెరిగిండు. డాక్టరమ్మ అడిగితే పెరిగిండని చెప్పున్రి. గల్లీల ఎవ్వరన్న అడిగితే మాత్రం, ఏం పెరగలే, గట్లనే ఉన్నడని చెప్పున్రి."