కింది వరుస నుంచి చదివాను

ఈ రోజు సైనిక్‌పురిలో కళ్ల పరీక్షకు వెళ్లాను. గదిలో లైటు ఆర్పి, గోడ మీద వెలుగుతున్న పెట్టెలోని అక్షరాలు చదవమంది అక్కడి అమ్మాయి. నేను అడుగు వరుస నుంచి మొదలుపెట్టాను.

"అట్ల కాదు మేడమ్, పైనుంచి చదవండి. కిందివి జెర చిన్నగుంటయి."

నవ్వొచ్చింది. ల్యాబ్‌లో ఉద్యోగానికి చేరిన కొత్తలో, కొత్త జీన్ల కోసం పిండిని పులియబెట్టే ఈస్ట్ క్రోమోజోముల డీఎన్‌ఏని కంటితోనే చదివేవాళ్లం. చీకటి గదిలో ఇలాంటి వెలుగు పెట్టె మీదే డీఎన్‌ఏ అక్షరాలు గీతలుగా పడిన ఎక్స్‌రే ఫిల్ము పెట్టి, అడుగు గీత నుంచి పైకి ఏ, టీ, జీ, సీ అని నేను చెబుతుంటే నాతో పనిచేసే సునీత కంప్యూటర్లో కొట్టేది. నేను తడబడితే ఊరుకునేది కాదు.

"మంచిగ చూడవే. ఒక్కటి తప్పినా జీన్ మొత్తం ఖరాబైతది."

ఇప్పుడా పనికి యంత్రాలొచ్చాయి. నాకేమో శుక్లాలొచ్చాయి.

ఈసారి పైనుంచి చదివాను. అమ్మాయి కంప్యూటర్లో కొట్టుకుంటోంది. కింది వరుసల్లో ఎన్ని తప్పులు చదివినా "పర్లేదు మేడమ్" అంటోంది. అదే బాధనిపించింది.

మీకూ ఇలా వదలని పాత ఉద్యోగపు అలవాట్లుంటే చెప్పండి. సునీతా, ఇది నీ కంటపడితే ఒకసారి వచ్చి తిట్టిపో.