ప్రపంచానికి సరిపడా చుక్క

ఇప్పుడంటే ఫోన్ మొహం ముందు పెట్టుకుని పది ఫోటోలు తీసుకుంటే అందులో ఒక్కటైనా మనలా ఉండకపోదు. (మనలా లేనివే మనకు ఎక్కువ నచ్చుతాయి, అది వేరే సంగతి.) నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మాత్రం ఫోటో అంటే నాకు జ్వరం వచ్చినంత పనయ్యేది. మా ఇల్లు ఖిలా వరంగల్‌లో. గడప దాటితే చాలు, కోట తోరణాల దగ్గర ఎవరో ఒకరు "మేడం, ఒక్క ఫోటో" అంటూ ఫోన్ చేతిలో పెట్టేవారు. వచ్చినవాళ్లందరినీ రాతి ఏనుగుల పక్కన నిలబెట్టి తీసీ తీసీ నాకు చేయి తిరిగింది గానీ, నాదంటూ పనికొచ్చే ఫోటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డు మీద ఉన్నది నేనేనని బ్యాంకులో నమ్మించడానికి ఒకసారి అమ్మను సాక్ష్యానికి తీసుకెళ్లాను.

హనుమకొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం నాది. వెనక వరుసలో కూర్చుని ముందు వరుసవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం నా పని. (పుట్టినప్పటి నుంచీ ఊరికే చేస్తున్న పనికి జీతం కూడా ఇస్తున్నారని అమ్మ సంబరపడింది.) పట్టుకునేది నేను, క్లయింట్‌తో చెప్పుకునేది ముందు వరుసవాళ్లు. నాకు కడుపు మండిపోయేది. అలాంటి సమయంలో మా మేనేజర్, ఊ అంటే డెడ్‌లైన్ అనే మనిషి కాబట్టి మాకు ఆయన డెడ్‌లైన్ సార్, అందరినీ పిలిచి చెప్పాడు. "శనివారం హైదరాబాద్ నుంచి ఫోటోగ్రాఫర్ వస్తాండు. అందరి ఫోటోలు మన వెబ్‌సైట్ల పెడ్తానం. కొత్త క్లయింట్ మేడం ఆ పేజీ జూసి, రోజూ తనతోని మాట్లాడేటందుకు ఒకర్ని ఎంచుకుంటదట. జర ప్రొఫెషనల్‌గా రాండ్రి." ఆ ఒకరు నేనే కావాలని అక్కడికక్కడే నిర్ణయించేసుకున్నాను. ఇక మిగిలిందల్లా మొహమే.

ఆ వారమంతా అద్దం ముందు నవ్వు సాధన చేశాను. నవ్వీ నవ్వనట్టుండాలని, కళ్లలో ఆత్మవిశ్వాసం కనిపించాలని ఎక్కడో చదివాను. మూడో రోజు అమ్మ నా వెనక నిలబడి కాసేపు చూసి, "పన్ను గుంజుతాందా బిడ్డా? దవాఖానకు పోదామా?" అంది. బ్లేజర్ కొనుక్కుంటానంటే, "గా కోటేసుకుంటే బ్యాండు మేళమోళ్ల లెక్క కనవడ్తవ్" అని కొట్టిపారేసి, తన నీలం నూలు చీరకు గంజిపెట్టి ఇస్త్రీ చేయించింది. సరే, చీరే కట్టుకున్నాను. అంతవరకు బాగానే ఉంది.

శనివారం పొద్దున చెప్పులేసుకుంటుంటే మా బాపమ్మ, అంటే నాన్నను కన్నతల్లి, కాటుక భరిణె పట్టుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఫోటో దిగబోయే మనవరాలిని దిష్టి చుక్క లేకుండా ఆమె ఏనాడూ గడప దాటనివ్వలేదు. చుక్క ఎంత ఉండాలో చూసేవాళ్ల సంఖ్యను బట్టి తేల్చేది. బారసాలకు ఆవగింజంత, పెళ్లికి మిరియం గింజంత.

"ఎంతమంది జూస్తరే గా ఫోటోను?" అంది.

నాకు అబద్ధం చెప్పే తెలివి ఆ క్షణంలో రాలేదు. "వెబ్‌సైట్ బాపమ్మా. ప్రపంచంల ఎవరైనా చూడొచ్చు" అన్నాను గొప్పగా.

"ప్రపంచమంతనా?" అని భరిణెలో వేలు ముంచింది.

"కుడి చెంప మీద పుట్టుమచ్చ ఉండనే ఉంది గదా బాపమ్మా, అది సరిపోదా?"

"అది దేవుడు వెట్టిండు. మన వాడకట్టుకు సాలుతది. ఇది ప్రపంచానికి. ఎవరి కన్నైనా ముందుగాల దీని మీదనే వడ్తది."

ఎడమ చెంప మీద నిండు శనగ గింజంత చుక్క పెట్టింది. ఆటో ఎక్కగానే చేతిరుమాలుతో తుడిచాను. నీళ్లతో తుడిచాను. ఆముదం దీపం మసితో ఇంట్లో పట్టిన కాటుక అది. కాకతీయుల కోట గోడలన్నా కాస్త పక్కకు ఒరిగాయి గానీ ఆ చుక్క ఒరగలేదు.

ఆఫీసులో ఫోటోగ్రాఫర్ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి గడ్డం పైకనీ కిందకనీ తిప్పుతుంటే, నా గోడు చెప్పుకున్నాను. ఒకటి పుట్టుమచ్చ, ఒకటి పెట్టుడు చుక్క, ఆ పెట్టుడుది తీసేయమన్నాను. "ఫికర్ చెయ్యకండి మేడం, ఎడిటింగ్‌ల తీసేస్త" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. రెండు చుక్కల్లో కాస్త వంకరగా, వెలిసినట్టున్నది పెట్టుడుదనుకుని దాన్ని తుడిచేశాడు. నున్నగా, గుండ్రంగా, నిగనిగలాడుతున్నదాన్ని అలాగే ఉంచాడు. దేవుడి పనితనం కన్నా మా బాపమ్మ పనితనమే అసలుదిగా కనిపించింది పాపం అతనికి.

సోమవారం డెడ్‌లైన్ సార్ ఒకసారి కంప్యూటర్‌నూ ఒకసారి నన్నూ చూసి, "ఈమెకు మచ్చ కుడిదిక్కు ఉంది, ఫోటోల ఎడమదిక్కున్నది. ఉల్టా వడ్డట్టుంది, తిప్పుండ్రి" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే తిప్పేశారు. బాపమ్మ చుక్క సరిగ్గా నా పుట్టుమచ్చ ఉండాల్సిన చోటికి వచ్చి కూర్చుంది. పైట మాత్రం కుడి భుజం మీదికి పోయింది. ఆ అవతారంలో పేజీ క్లయింట్‌కు వెళ్లిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆ రోజంతా ఎవరి తప్పులూ పట్టుకోలేదు.

రెండు రోజుల తర్వాత క్లయింట్ మేడం ఫోన్. అందరూ నల్ల బ్లేజర్లలో ఒకే మనిషిలా ఉన్నారట. ఒక్క మొహమే గుర్తుండిపోయిందట. "చెంప మీద చుక్క ఉన్న చీర అమ్మాయితో మాట్లాడించండి" అందట. మాట్లాడించారు. ఏడాదిగా నేను పట్టుకుంటున్న తప్పులు ఎలాంటివో మొదటిసారి నా నోటితో నేనే చెప్పాను. ఆ ఫోన్ పెట్టేసరికి ఆ పని నాదైంది.

ఇంటికెళ్లి బాపమ్మకు ఫోటో చూపించాను. "పైట గటు బోయిందేందే?" అని ముందు ముఖం చిట్లించింది. తర్వాత తెర మీద వేలు పెట్టి, "ఇది నీ మచ్చ గాదు. నా చుక్క" అంది. జరిగింది చెబితే ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "కన్ను ముందుగాల దాని మీదనే వడ్తదని నేను జెప్పలే?" అని భరిణె మూత పెట్టింది.

మొన్న మళ్లీ అందరి ఫోటోలూ మారుస్తున్నామన్నారు. ఇప్పుడు నేను ముందు వరుసలోనే కాదు, వరుసలకు ఎదురుగా కూర్చుంటున్నాను. బ్లేజర్ కూడా ఉంది. అయినా పొద్దున్నే భరిణె తీసుకుని నేనే బాపమ్మ మంచం దగ్గరికి వెళ్లి కూర్చున్నాను.

"ఈసారి ఎంతమంది జూస్తరే? మీ ఆఫీసోళ్లేనా? గట్లయితే చిన్నది సాలు" అంది.

"లేదు బాపమ్మా, ప్రపంచమంత జూస్తది. పెద్దదే పెట్టు" అన్నాను.

బాపమ్మ వేలికి మునుపటి కుదురు లేదు. చుక్క వంకరగా వచ్చింది, అంచులు చెదిరాయి. ఈసారి ఏ ఫోటోగ్రాఫరైనా పెట్టుడుదని ఇట్టే పట్టేస్తాడు. అందుకే స్టూలు మీద కూర్చోకముందే అతనికి గట్టిగా చెప్పాను, ఏదీ తుడవొద్దని.