ముందు సీటులో ఎవరు

గడిచిన ఆదివారం ఉదయం బెంగళూరు కుందలహళ్ళిలో నేను అద్దెకుండే ఇంటి కింద, పార్కింగులో ఉన్నవి ఇవి: అక్క, అక్క కొత్తగా కొన్న తెల్ల పికప్పు, దాని డాష్‌బోర్డు మీద పది రోజులుగా వచ్చిపోతున్న ఒక పసుపు లైటు, నా ల్యాప్‌టాపు, దాన్ని బండికి కలిపే వైరు, రెండు స్టీలు గ్లాసుల్లో కాఫీ, వెనక తొట్టిలో టార్పాలిన్ కింద దొడ్డబళ్ళాపురం నుంచి నగర్తపేట అంగళ్ళకు చేరవలసిన పట్టునూలు మూటలు, నేను. వైరు తగిలించడానికి తలుపు తెరిచి లోపలికి వంగాను. గంజి పట్టిన నూలు, డీజిలు, ఎండకు కాగిన రెగ్జిను, మూడూ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. తగలగానే పదేళ్ళ వయసులో నన్ను పట్టుకున్న కుళ్ళు చెక్కు చెదరకుండా మళ్ళీ వచ్చింది.

అప్పుడు అక్కకు పదమూడేళ్ళు. మాది దొడ్డబళ్ళాపురంలో మగ్గాల వీధి. పవర్‌లూముల టకటక గోడల గుండా పక్కలోకి వస్తున్నంతసేపూ హాయిగా నిద్రపోయేవాళ్ళం, కరెంటు పోయి ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది. వీధి పొడుగునా వెదురుగడల మీద అద్దకం నూలు ఆరేసి ఉండేది. దాని నుంచి కారిన నీళ్ళతో కాలువ ఒకరోజు గులాబిరంగులో, ఒకరోజు ఆకుపచ్చగా పారేది. ఆ నీళ్ళలో ఖాళీ నూలుకండెలు వదిలి, ఎవరి కండె ముందు వీధి చివరి మోరీ చేరుతుందో పందెం వేసుకునేవాళ్ళం. ఎన్నిసార్లు వదిలినా అక్క కండే ముందు చేరేది. అమ్మ గార్మెంట్సు ఫ్యాక్టరీలో పనిచేసేది, నాయన మగ్గాలవాళ్ళ సరుకును బెంగళూరు అంగళ్ళకు చేరవేసేవాడు. సెలవురోజుల్లో ఇంట్లో మమ్మల్ని చూసేవాళ్ళు లేక ఇద్దరినీ బండిలో వేసుకొని పోయేవాడు.

ఆ బండి ఒకరు వాడి అమ్మిన పికప్పు. ముందు రెండు సీట్లు, వెనక ఒక బెంచీ సీటు, ఆ వెనక సరుకు తొట్టి. దసరా ముందు కొన్నాడు కనుక ఆ యేడు ఆయుధపూజ దానికే జరిగింది. బానెట్టుకు పసుపుకుంకాలు, అద్దానికి చెండుపూల దండ, రెండు పక్కలా అరటి పిలకలు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, పళ్ళెంలో బొరుగులూ పుట్నాలూ బెల్లం ముక్కలూ. గుమ్మడికాయ పగలగొట్టి నాయన తాళంచెవి తిప్పేసరికి డాష్‌బోర్డు మీద ఎర్రవీ పసుపువీ లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. అమ్మ కిటికీలోంచి తొంగిచూసి, "అయ్యో, లోపల కూడా దీపాలు పెట్టినారే!" అంది.

ఆ దీపాలకు పేర్లు పెట్టింది అక్క. ఆయిలు లైటు మీద ముక్కున్న పాత్ర బొమ్మ ఉంటుంది, అది కొమ్ముచెంబు. ఇంజను బొమ్మ తాబేలు. డీజిలు ఇంజను చలిలో వేడెక్కేటప్పుడు వెలిగే చుట్టలు మురుకు. బ్రేకుది గుండ్రంలో నిలువు గీత కనుక నామం. బ్యాటరీది ట్రంకుపెట్టె. డాష్‌బోర్డు సొరుగులో ఉన్న బండి ఇంగ్లీషు పుస్తకం తీసి అసలు పేర్లు నేను బట్టీపట్టాను. ఒకరోజు వెనక సీటు నుంచి "ఆయిల్ ప్రెషర్ వార్నింగ్ ల్యాంప్" అని అరిచాను కూడా. నాయన తల తిప్పకుండా, "ఆ ఇంగ్లీషు నాకేల అప్పా, కొమ్ముచెంబు ఉండాదా లేదా, అది చెప్పు" అన్నాడు. అక్క నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

నాయన అట్లా అడగడానికి కారణం ఉంది. ఆయనకు దగ్గరి చూపు తగ్గింది. కళ్ళద్దాలు పెట్టుకుంటే రోడ్డు మసక, తీస్తే డాష్‌బోర్డు మసక. రోడ్డే ముఖ్యం కనుక అద్దాలు చొక్కా జేబులో ఉండేవి. ఎండ పడుతున్నప్పుడు సన్నగా వెలిగే లైటు ఆయనకు కనిపించేదే కాదు. అందుచేత పక్కసీటులో కూర్చున్నవాళ్ళు ఊరికే కూర్చునేవాళ్ళు కారు. ఆ లైట్లు చూసి చెప్పడం వాళ్ళ ఉద్యోగం. ఆ ఉద్యోగం అక్కది.

ముందు సీటులో అక్కకు దక్కినవీ వెనక నాకు దక్కనివీ చాలా ఉన్నాయి. పూర్తిగా కిందికి దిగే కిటికీ. రేడియో మీట. టోలుగేటు దగ్గర చీటీ అందుకోవడం. మాగడప్పుడు, అంటే చలికాలంలో అవరెకాయలు (అనపకాయలు) వచ్చే రోజుల్లో, రాజానుకుంటె దగ్గర బండి ఆపి నాయన బస్తాలోంచి ఎంచి కొనే కాయలు ఆమె ఒళ్ళో పడేవి. దారిపొడుగునా వాటిని వొలుస్తూ, చేతులకు ఆ జిడ్డు పసరు వాసన పట్టించుకొని, ఇంటికి చేరేసరికి అమ్మకు పితికిన పప్పుకు సరిపడా గింజలు సిద్ధం చేసేది. వేసవిలో తాటిముంజలు, శ్రావణంలో ఎవరో మగ్గమాయన పంపిన ఒబ్బట్లు, అన్నీ ముందు ఆమె చేతికే వచ్చి, అక్కడ సగమై, వెనక్కి చేరేవి. నాయన ఆమెతో మాట్లాడేవాడు. నాతో కూడా మాట్లాడేవాడు గాని, అద్దంలో చూస్తూ మాట్లాడేవాడు.

ట్రంకుపెట్టె రావడం మొదలైంది ఆ అవరెకాయల కాలంలోనే. బయలుదేరిన గంటకో, అంతకు కాస్త ఎక్కువకో, ఎర్రగా, సన్నగా వెలిగేది. నాలుగైదు నిమిషాలుండి పోయేది. నగర్తపేట సందులో మునిరాజు అని నాయనకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియను ఉండేవాడు. బ్యాటరీ మార్చాడు, బెల్టు బిగించాడు, కనెక్షన్లు గీకి శుభ్రం చేశాడు. వారం తిరక్కుండా పెట్టె మళ్ళీ వచ్చేది.

"సుమ్నే వస్తాది, ఊరికే పోతాది అంటే నేనేం చేసేదన్నా? నా అంగడికి వచ్చేసరికి మంచి పిల్లోని మాదిరి కూర్చుంటాది. యాడ వస్తాది, ఎప్పుడొస్తాది, బరువుంటే వస్తాదా, లైట్లేస్తే వస్తాదా, వానకు వస్తాదా, అన్నీ రాసుకోని రాండి" అన్నాడు మునిరాజు.

"రాసేది మా చిన్నప్ప పని. వాడు నిద్దట్లో కూడా పట్టీలు రాస్తాడు" అన్నాడు నాయన, నన్ను చూపిస్తూ.

ఆ మాటకు ఆ రాత్రి అన్నం రుచిగా అనిపించింది. కొత్త నోటుపుస్తకంలో స్కేలు పెట్టి గడులు గీశాను: తేదీ, చోటు, బయలుదేరి ఎంతసేపయింది, బరువు, హెడ్‌లైట్లు, వాన. ఈ ఆరూ మునిరాజు అడిగినవి. ఏడో గడి ఎవరూ అడగలేదు. అది నేనే కలిపాను. దాని తలమీద "ముందు సీటులో ఎవరు" అని రాశాను.

మార్చి ఆఖరుకు ఇరవై మూడు వరసలు నిండాయి. ఏడో గడిలో ఇరవై మూడుసార్లూ "అక్క". ఇప్పుడు నేను చేసే పని, బండ్ల డాష్‌బోర్డు లైట్లు వెలగవలసినప్పుడు వెలుగుతున్నాయో లేదో పరీక్షించడం. ఇలాంటి పట్టిక కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా తెస్తే మొదటి నిమిషంలోనే వెనక్కిస్తాను. ఎప్పుడూ ఆమే కూర్చునే సీటు గురించి ఆ గడి ఇంకేం చెప్పగలదు? కాని మునిరాజు దాన్ని చదివి, మొదట నవ్వి, తర్వాత ఆలోచనలో పడ్డాడు. "ఏమమ్మా పాపా, కాళ్ళు యాడ పెడతావు నువ్వు?" అని అడిగి, ఆ సీటు ముందు వంగి టార్చి వేశాడు. వైర్ల కట్టకు చుట్టిన టేపు ఒకచోట ఊడి ఉంది. మళ్ళీ చుట్టి, "పాప కాలు తగిలి కదులుతాండాదేమో. ఒక నెల చిన్నప్పను కూర్చోబెట్టి చూడండన్నా" అన్నాడు.

"నేను తన్నలేదు నాయనా" అంది అక్క.

ఏప్రిల్లో బడికి సెలవులు. దాదాపు ప్రతిరోజూ బండి, ప్రతిరోజూ నాకు ముందు సీటు. కిటికీ పూర్తిగా దించి మోచెయ్యి బయటపెట్టాను, టోలుచీటీ నేనే అందుకున్నాను, దారిలో ఎదురయ్యే సిల్కు లారీలను లెక్కపెట్టి నాయనకు చెప్పాను. ఆయన నా వైపు తిరిగి మాట్లాడుతుంటే రోడ్డు తొందరగా అయిపోతున్నట్టుండేది. వెనక సీటు మధ్యలో అక్క రెండు కాళ్ళూ పైకి మడిచి, మోకాళ్ళు చేతులతో చుట్టుకొని కూర్చునేది. అక్కడ ఏ వైరూ లేదు. అయినా కాళ్ళు కింద పెట్టేది కాదు.

మూడో రోజు యలహంక దాటుతుంటే పెట్టె వెలిగింది. ఎండలో పలచగా, కాని స్పష్టంగా.

"పెట్టె ఎట్లుండాదప్పా?" అన్నాడు నాయన, అలవాటుగా.

వెలిగిందంటే అక్క కాలు తప్పు కాదని తేలుతుంది. తప్పు కాదంటే సీటు ఆమెది. ఇంత లెక్క నా బుర్రలో ఒక్క క్షణంలో అయిపోయింది.

"లేదు నాయనా" అన్నాను.

"శానా మంచిది" అని ఆయన నా తొడ మీద తట్టాడు.

ఆ నెల పేజీలో గడులు గీసినవి గీసినట్టే ఉన్నాయి. మునిరాజు దాన్ని చూసి తన టేపును తానే మెచ్చుకున్నాడు.

మే మొదట్లో ఒక మధ్యాహ్నం, పెళ్ళిళ్ళ సరుకు తొట్టినిండా వేసుకొని వస్తుంటే పెద్ద వాన పట్టుకుంది. హెడ్‌లైట్లు వేసి, వైపర్లు వేశాడు నాయన. కాసేపటికి వైపర్లు నెమ్మదించాయి. ఒక్కో ఊపుకీ మధ్య ఎడం పెరిగింది, చివరికి అద్దం సగంలో ఆగిపోయాయి.

"పెట్టె చూడప్పా!"

ఈసారి దాన్ని చూడకుండా ఉండడం ఎవరికీ సాధ్యం కాదు. "ఉండాది నాయనా."

"ఎప్పట్నించి?"

"ఇప్పుడే వచ్చింది."

వెనక అక్క ఊపిరి నా మెడకు తగిలేంత దగ్గరగా ఉంది. ఇంజను ఆగిపోయింది. ఇంకో టెంపో వచ్చేసరికి గంట పట్టింది. వానలోనే మూటలు మార్చారు, నాయన తొట్టిలో నిలబడి అందిస్తే అక్క అందుకుంది. రెండు మూటలు తడిసి, గులాబి నూలు రంగు తెల్లదానికి పట్టింది. నగర్తపేట అంగడి ముందు నాయన తడి చొక్కాతో చేతులు కట్టుకొని నిలబడి, లోపలి సేటుకు సంజాయిషీ చెప్పుకోవడం నేను మెట్ల కింద నుంచి చూశాను. అంతకుముందు ఆయన ఎవరి ముందూ చేతులు కట్టుకోవడం నేను చూడలేదు.

మరునాడు మునిరాజు డైనమో విప్పాడు. బండి నడుస్తున్నప్పుడు బ్యాటరీని నింపేది అదే. దాంట్లోని కార్బన్ బ్రష్షులు గోరంత మిగిలాయి. "ఏప్రిల్లో ఒక్కసారి వచ్చిందని చెప్పింటే అప్పుడే విప్పేవాణ్ణి కదన్నా. నెలంతా రాలేదంటే ఎవురు విప్పుతారు?" అన్నాడు. నాయన నోటుపుస్తకం తీసి, అద్దాలు పెట్టుకొని, ఖాళీ పేజీని చాలాసేపు చూశాడు. మూసి నా చేతికిచ్చాడు. బయటికి వచ్చి ఎడమ తలుపు తెరిచి, "పాపా, ఎక్కు" అన్నాడు.

నేను వెనక ఎక్కాను. అక్క ఒక్క మాట దెప్పలేదు. దెప్పకపోవడం చూసి కూడా నాకు కుళ్ళే.

ఆ కుళ్ళు ఇప్పటికీ పోలేదు. చదువు నాది, జీతం నాది, లైట్ల మీద ఉద్యోగం నాది. మా వీధి డ్రైవర్లు బండి ఆగితే మొదట ఫోను చేసేది అక్కకు. నాయన ఇప్పుడు బండి తోలడు, సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆ రోజు బండి సంగతులు ఆమెనే అడుగుతాడు. ఆ పాత పికప్పు పాతసామాన్లకు పోయింది. రంగునీళ్ళ కాలువ మీద బండలు పరిచారు. మగ్గాల్లో సగం లేవు. మునిరాజు అంగడిలో మొబైలు కవర్లు అమ్ముతున్నారు. కొత్త బండిలో బొమ్మతోపాటు తెరమీద ఇంగ్లీషు వాక్యం వస్తుంది, దానికి పేరు పెట్టవలసిన అవసరం ఎవరికీ లేదు.

"ఏమంటాదిరా నీ మిషను?" అంది అక్క, కాఫీ ఊదుకుంటూ.

ఒక సెన్సరు వైరు వదులైందని చెప్పి, వేలితో నొక్కి బిగించాను. లైటు పోయింది. ల్యాప్‌టాపు మూస్తూ, ఆమె ముఖం చూడకుండా అన్నాను: "అక్కా, ఆ ఏప్రిల్లో పెట్టె వచ్చేది. నేను రాయలేదు. ఏడుసార్లు."

"తొమ్మిది" అంది అక్క.

"ఏడే."

"రెండుసార్లు నువ్వు నిద్రపోతాంటివి."

"మరి నువ్వు నాయనకు చెప్పొచ్చు కదా?"

"చెప్తే, సీటు కోసం చెప్తాండాదంటారు. నీ గడిలో నా పేరు ఇరవై మూడుసార్లు ఉండాది కదప్పా."

గ్లాసు నా చేతిలో పెట్టి, బండెక్కి, నగర్తపేట వైపు తిప్పుకొని వెళ్ళిపోయింది. నేను లెక్క సరిచేసుకున్నాను. చూసి దాచినవి ఏడు, నిద్రలో పోయినవి రెండు. మొత్తం తొమ్మిది.