సైకిలు ట్యూబుతో కట్టిన హైడ్రాలిక్ పైపు

నర్సీపట్నంలో ఒక కోత పండుగ నాడు మా చర్చిలోకి ఒక్క మనిషి కూడా అడుగు పెట్టలేకపోయాడు. కారణం వాన కాదు, తుఫాను కాదు, నేను. ఈ సంగతిని మా బావగారు ప్రకాశరావు ఇన్నేళ్లుగా పెళ్లిళ్లలో చెబుతారు, దినాల్లో చెబుతారు, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని వారికి కూడా చెబుతారు. చెప్పిన ప్రతిసారీ నూనె ఎగిరిన ఎత్తు పెరుగుతోంది. మొన్న ఒకాయన నన్ను బజారులో ఆపి, "శిలువ దాకా కొట్టిందటగదండీ" అన్నాడు. కొట్టలేదు. కిటికీ పై అంచు దాకా మాత్రమే కొట్టింది. ఘోరం జరిగిన మాట వాస్తవం. కానీ ఘోరానికి కూడా ఒక కొలత ఉంటుంది. ఆ కొలత తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే గనుక నేనే వ్రాస్తున్నాను.

అది తొంభైల చివరి మాట. వ్యవసాయం నా వృత్తి. మా చర్చి సంఘానికి కార్యదర్శిని కూడా. కాగితం మీద పెట్టని పనిని నేను పనిగా లెక్కించను. ముందువైపు బకెట్టు బిగించిన పాత ట్రాక్టరు ఒకటి నాకు ఉండేది. లీవరు లాగితే రబ్బరు పైపుల గుండా నూనె ఒత్తిడితో పోయి బకెట్టును పైకి ఎత్తుతుంది. ఎత్తాలి. నా ట్రాక్టరు పైపులు మాత్రం బీటలు వేసి, జలుబు చేసిన ముక్కులా నిత్యం కారుతూ ఉండేవి.

మా చర్చి ఆవరణ పల్లం. చినుకు పడితే బురద. మా పెద్దమ్మ మార్తమ్మకు తుంటి విరిగిన తరువాత ఆ బురదలో చేతికర్ర దిగబడిపోయేది. ఆమె ఇల్లు వీధికి ఆవల, చర్చికి ఎదురుగానే. పాటలు వినపడతాయి, వెళ్లడానికి లేదు. పండుగకు అందరూ తమ పంటలో మొదటిది తెచ్చి బల్ల ముందు పెడుతుంటే, ఆమె గుమ్మడికాయ ఎవరి చంకలోనో వెళ్లేది.

"ఒరే నాయినా, ఈ ఏడైనా నా గుమ్మడికాయ నా సేత్తో ఇత్తానేట్రా?" అని అడిగింది.

"ఆదివారానికల్లా ఆవరణంతా కంకర పోసి చదును చేయిస్తాను పెద్దమ్మా. నువ్వే నడిచి వస్తావు."

"రాసుకున్నావా?"

"రాసుకున్నాను."

"అయితే జరగదు," అన్నారు పక్కనే ఉన్న బావగారు.

కంకర ఎత్తాలంటే ముందు బకెట్టు పైపులు మార్చాలి. పైపులు మార్చదలచినవాడు పాత పైపును విప్పి దుకాణానికి తీసుకుపోవడం లోకాచారం. జిడ్డు ఓడే గొట్టాన్ని భుజాన వేసుకుని, పాము పట్టినవాడిలా బజారులో నడవడం కార్యదర్శికి తగదని నాకు తోచింది. పొడవు, లావు, కొసనున్న నట్టు వెడల్పు కొలిచి, బొమ్మ గీసి, గీతలకు అంకెలు వేసి తీసుకుపోయాను.

"పాత పైపేదండీ?" అన్నాడు దుకాణదారు.

"కొలతలు తెచ్చాను."

"నట్టు లోపలి మర సూడాలి గదండీ. ఇందులో మర నేదు."

"కొలతలన్నీ సరిపోయినప్పుడు మర సరిపోదా?"

"ఎత్తూ లావూ సరిపోయినోడల్లా అల్లుడైపోతాడేటండీ?"

వెనుక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుతో నా వివేకం నన్ను విడిచి వెళ్లింది. "కాగితంలో ఉన్నట్టే చేసి ఇవ్వండి," అన్నాను. ఇచ్చాడు. నా ఆగ్రహమంతా ఇక్కడే. కొనేవాడు మూర్ఖత్వం అడిగితే అమ్మేవాడు దానిని పొట్లం కట్టి ఇవ్వవచ్చునా?

శనివారం చర్చి ఆవరణలోనే బిగింపు మొదలుపెట్టాను. నట్టు కొద్దిగా తిరిగి మొరాయించింది.

"బావా, మర పట్టనేదు," అన్నారు బావగారు. ఆయన సాయం చేయడానికి వచ్చి, కుర్చీ వేసుకున్నారు.

"పట్టింది. కొత్తది గనుక బిగువు."

"సెప్పు కరిసిందంటే కాలు పట్టిందనా అర్థం?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లని బొమ్మ గీసి మరీ చూపగలను. బలంగా బిగించాను. ఇంజను వేయగానే నూనె కారింది.

ఇప్పుడు చదువరులు దయచేసి నిష్పక్షపాతంగా ఆలోచించాలి. మా వైపు బావి మోటారు పైపు కారితే రైతు ఏం చేస్తాడు? మరకు జనపనార చుట్టి, తెల్ల పెయింటు పూసి, బిగించి, ఆ పైన సైకిలు ట్యూబును పట్టీలుగా కోసి లాగి కడతాడు. గొలుగొండ దారిలో మా చెరకు తోట మోటారుకు నేను కట్టిన కట్టు, మోటారు పాడైనా తాను పాడు కాలేదు. ఇక్కడా అదే చేశాను.

"అవి నీళ్లు బావా. ఇది బండలెత్తే నూనె."

"నీరు పలుచన, నూనె చిక్కన. పలుచనిదే ఆగినప్పుడు చిక్కనిది ఎందుకు ఆగదు?"

బావగారు కుర్చీని రెండు గజాలు వెనక్కు జరుపుకున్నారు. ఆ వెనకడుగును నేను విజయంగా నమోదు చేసుకున్నాను.

కారడం నిజంగానే ఆగింది. గుమ్మం ముందు పల్లం ఎక్కువ గనుక మొదట అక్కడే నింపాలని నా ప్రణాళిక. బకెట్టు నిండా కంకర తీసుకుని, మెట్ల దగ్గరకు నడిపి, లీవరు లాగాను. బకెట్టు ఠీవిగా లేచింది. దానితోపాటు నల్లని పట్టీ కూడా ఉబ్బసాగింది.

"బావా, నీ కట్టుకి కడుపొచ్చింది," అన్నారు బావగారు.

నేను బదులు చెప్పేలోగా పురుడు అయిపోయింది. పైపు ఊడి, నూనె విసనకర్రలా విచ్చుకుని, పండుగకని ముందురోజే సున్నం వేసిన గోడ మీద పడింది. బకెట్టు కంకరతో సహా మెట్ల మీద కూలి, తన ఇనుప పళ్లను రాతిపలకల కింద దింపి, బయటకు తెరుచుకునే తలుపులను మూసి పట్టింది. వెనక్కు లాగబోతే మెట్లు కూడా వస్తామన్నాయి. ఆవరణలో బురదకు నూనె తోడయింది. ఆ హడావిడిలో బావగారు జారి, ఆ బురదలోనే చతికిలబడ్డారు. ఆనాడు జరిగిన న్యాయం అదొక్కటే.

పాస్టరుగారు వచ్చి గోడను చూసి, తలుపును చూసి, చివరికి నన్ను చూశారు. "సెక్రటరీగారూ, ఇది ఏ తీర్మానం ప్రకారమండీ?" అని మెల్లగా అడిగారు.

పెద్దమ్మకు ముఖం చూపలేకపోయాను. లోపలికి దారి లేదు గనుక, ఆరాధన వీధిలో జరపాలని పెద్దలు నిర్ణయించారు. వీధిలో పొడిగా ఉన్న చోటు ఒక్కటే: పెద్దమ్మ ఇంటి ముందు.

ఆదివారం ఆమె అరుగు కిందనే బల్ల వేశారు. సంఘమంతా చాపల మీద కూర్చుంది. పెద్దమ్మ తెల్లచీర కట్టుకుని, ఒక చేత కర్ర, ఒక చంకన గుమ్మడికాయతో తన గుమ్మంలోంచి వచ్చి, దానిని తన చేతులతోనే బల్ల మీద పెట్టింది. పట్టుకోబోయిన వారిని మోచేతితో తోసేసింది. పాస్టరుగారు ప్రార్థన కూడా ఆమెనే చేయమన్నారు. నా మీద ఫిర్యాదు నేరుగా పైవానికే వెళుతుందని తల దించుకున్నాను.

"పెబువా," అంది పెద్దమ్మ, "నాను రానేకపోతే నువ్వే నా గుమ్మం కాడికి వొచ్చినావు. నీకు స్తోత్రం. మా వోడి ట్రాక్టరు మాత్రం బేగి బాగుసెయ్యకు తండ్రీ."

సంఘమంతా ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది మా బావగారు.

ఆ ఆమెన్‌ను నేను ఇప్పటికీ అంగీకరించలేదు. ఒక సహోదరుని యంత్రం బాగుపడకూడదని ముక్తకంఠంతో వేడుకున్న సంఘం లోకంలో మరొకటి ఉంటే చూపండి. పైగా మా ప్రార్థనలలో ఇంత త్వరగా ఆలకించబడినది లేదు. ఆ వానాకాలం పొడుగునా ట్రాక్టరుకు సరిపడే మర ఉన్న పైపు ఏ దుకాణంలోనూ దొరకలేదు.

కాబట్టి, సంపూర్ణమైన తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఒత్తిడి గల నూనె పైపుకు ఇకమీదట ఎన్నడూ సైకిలు ట్యూబు కట్టను. నాది ఏ యంత్రం చెడినా, అది బాగయ్యేదాకా ఆ మాట పెద్దమ్మ చెవిన పడనివ్వను.