పెసల సీసా, ఎర్ర సిరా

ఈ సంగతిని లిఖితపూర్వకంగా నమోదు చేయవలసిన అగత్యం ఏర్పడింది. ఆబిడ్స్ నుంచి నాంపల్లి వరకు మమ్మల్ని ఎరిగినవారి నోట ఇది ఇప్పటికే పలు రూపాల్లో తిరుగుతున్నది. మా ఇంట్లో గ్యాస్ బండ పేలిందని కొందరు, పదవీ విరమణ తరువాత నేను గుడుంబా కాయడం మొదలుపెట్టానని మరికొందరు చెప్పుకుంటున్నారు. రెండూ అబద్ధాలు. జరిగింది అంతకంటే ఘోరం. పాఠకులు నవ్వుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

నేను ప్రధానోపాధ్యాయుడిగా విరమించిన మూడో ఏట నా భార్య అనసూయకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. తరువాత తిండి మీద మనసూ పోయింది. ఏది పెట్టినా ముఖం తిప్పుకునేది. "మింగడానికి అడ్డమేమీ లేదు, తినాలన్న కోరికే లేదు. ఇంకో వారం ఇలాగే ఉంటే ముక్కులో గొట్టం వేయక తప్పదు" అన్నారు డాక్టరుగారు. ఆ మాటకు ఆమె గట్టిగా కళ్లు మూసుకుంది.

ఆమె ఏళ్ల తరబడి ఇష్టంగా తిన్నది ఒకటుంది: ఇంట్లో మొలకెత్తించిన పెసలు, పైన కాస్త ఉప్పు, నిమ్మరసం. వాటిని నేనూ తిన్నాను. ఎలా చేస్తుందో మాత్రం ఒక్కనాడూ చూడలేదు. ఎందరో పెంకిపిల్లలు నా బెత్తానికి దారికి వచ్చారు. పెసలు రావా అనుకున్నాను.

ఉస్మాన్‌గంజ్ వెళ్లి ఒక దుకాణంలో అడిగాను. "మొలకెత్తే యోగ్యత గల పెసలు కావాలి."

"యోగ్యతా?" దుకాణదారు నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "కొత్త పంట సార్. నెత్తి మీద వడ్డా మొలుస్తయి. రాత్రి నానవెట్టి, నీళ్లు వంపి..."

"ధర చెప్పండి, చాలు" అన్నాను. పాఠం చెప్పడం నా వృత్తి, వినడం కాదు.

అనసూయ వాడే సీసా మూతికి పాత చీర ముక్క ఒకటి కట్టి ఉంది. మాసిన గుడ్డ! దానిని చెత్తబుట్టలో పారవేసి, సుల్తాన్ బజార్ నుంచి రబ్బరు పట్టీతో బిగిసే మూత గల కొత్త సీసా తెచ్చాను. గిద్దెడు పెసలు, రెండు గిద్దెల నీళ్లు. మూత బిగించి, తేదీ, వేళ రాసిన చీటీ అతికించి, మంచానికి ఎదురుగా ఆమెకు కనబడేలా పెట్టాను.

కింది వాటాలో ఉండే యాదమ్మ రోజూ వచ్చి అనసూయకు జడ వేసేది. ఆమె సీసాను చూసి ఆగిపోయింది.

"గిట్లా మూత బిగిస్తే ఎట్లా సార్? గాలి ఆడొద్దా?"

"దుమ్ము పడుతుంది యాదమ్మా. పరిశుభ్రత ప్రధానం."

"గింజలకు సుత పానం ఉంటది కద సార్!"

"నేను చూసుకుంటాను."

"ఔ, చూసుకోండి. నాకేంది!"

ఎడమ చేత్తో రోజూ ఒక పంక్తి రాయించమని డాక్టరుగారు చెప్పి ఉన్నారు. నేను కాపీపుస్తకం పైన 'క్రమశిక్షణ జీవితానికి వెలుగు' అని మేలుబంతి పెట్టేవాణ్ణి. ఆమె కింద వంకరటింకరగా వేరే ఏదో గీసేది. జబ్బు అక్షరాలను కలిపేస్తున్నదని జాలిపడి, ఎర్ర సిరాతో మార్కులు వేశాను. మొదటి రోజు అయిదు: 'గీత దాటరాదు.' రెండో రోజు ఆరు: 'సున్నాలు గుండ్రంగా ఉండవలెను.' మూడో రోజు ఏడు: 'ప్రశంసనీయం.' ఆమె పెన్సిలుతో పుస్తకం మీద కొట్టి చూపేది. మరిన్ని మార్కులు కోరుతున్నదనుకున్నాను! సీసాలో నురుగు కనిపిస్తే అదీ పురోగతి కింద జమ కట్టాను.

నాలుగో రోజు ఉదయం సరిగ్గా ఎనిమిది గంటలకు యాదమ్మను, మొజంజాహీ మార్కెట్‌లో పండ్లమ్మే ఆమె భర్త నర్సింలును పిలిపించాను. పళ్లెం, నిమ్మచెక్క సిద్ధం. మూత తిప్పాను.

ఢామ్మన్నది. నురుగు నా కళ్లద్దాల మీదికి, అక్కడి నుంచి ఇస్త్రీ చొక్కా మీదికి దిగింది. దాని వెనుకే వాసన! మూడు రోజులు మూసి ఉంచిన తరగతి గదిలోంచి పిల్లలు ఒక్కసారిగా బయటికి ఉరికినట్లు అది మెట్లన్నీ దిగి వీధిలోకి వెళ్లిపోయింది.

"అమ్మో, ఏంది సార్ గిది? ఎలుక సచ్చిందా?" అని యాదమ్మ ముక్కు మూసుకుంది.

పై వాటా గుమాస్తా "గ్యాస్ లీకయింది! ఉరకుండ్రి!" అని అరుస్తూ మెట్లు దిగాడు.

నర్సింలు గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. "గుడుంబ బట్టీ వెట్టిన్రా సార్? ముందుగాల్నే చెప్పొద్దా, గిలాస తెస్తుంటి కద!"

వాకిట్లో మూగినవారంతా నవ్వారు. అనసూయ నవ్వలేదు.

నేల తుడవడానికి కాగితం వెతుకుతూ యాదమ్మ కాపీపుస్తకం తీసింది. చింపబోయి, ఆగి, కూడబలుక్కుని చదివింది.

"నీళ్లు వంపండి... మూత తీయండి... గుడ్డ కట్టండి." తలెత్తి నన్ను చూసింది. "మూడు దినాల సంది అమ్మ గిదే మొత్తుకుంటున్నది కద సార్! మార్కులు ఏసిన్రు గని, చదవలేదా?"

నర్సింలు నవ్వు ఆపాడు.

నేను మంచం పక్కన కూర్చున్నాను. మా పెళ్లయి నలభై ఏళ్లు. "ఇప్పుడు ఏం చేయమంటావు?" అని ఆమెను అడగడం అదే మొదటిసారి. ఆమె పెన్సిలు అందుకుంది. ఎడమ చేత్తో రాసింది: 'నా గుడ్డ ఏది?'

పారవేశానని చెప్పలేక బీరువా తెరిచి, విరమణ సభలో నాకు కప్పిన జరీ శాలువా తెచ్చాను.

"పెసలకు సన్మానం చేస్తరా సార్?" అన్నది యాదమ్మ.

అప్పుడు అనసూయ పెదవి ఒక పక్కకు కదిలింది. నా పంచె చెంగు చించి చూపించాను. తల ఊపింది.

ఆమె రాస్తూ పోయింది, నేను చదువుతూ చేశాను. రెండు రోజులకు తెల్లని మొలకలు వచ్చాయి. మెత్తగా ఉడికించి పెట్టాను. మొదట ఒక చెంచా తిన్నది, తరువాతి వారానికి అరగిన్నె. గొట్టం వేయలేదు. మరి అయిదు నెలలు తన నోటితోనే తిని, రెండోసారి వచ్చిన పక్షవాతానికి వెళ్లిపోయింది. పుస్తకంలో చివరి పంక్తి: 'ఉప్పు ఎక్కువైంది.' దానికి నేను మార్కులు వేయలేదు. ఉప్పు తగ్గించాను. తినే వేళకు ఆమె లేదు.

అందుచేత, ఎర్ర సిరా సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై ఎవరు ఏది రాసినా, అందులో ఏమున్నదో తెలుసుకోకుండా కలం తెరవను. ఈ రచనలో దోషాలుంటే పాఠకులు నిర్మొహమాటంగా దిద్దవలసిందిగా ప్రార్థన. అయితే ముందు చదవండి.