తొమ్మిదో నంబరు తాళం

దయ్యాల కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం లేదు, విసుగు ఉంది. చెప్పేవాళ్లు ఒక్కరూ చోటూ వేళా సరిగ్గా చెప్పరు. అందుకే నేను చూసింది చూసినట్టు వరసగా రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను.

మాది గుంటూరు వైపు. నాన్న సర్కారు ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి హైదరాబాదు పక్కన రామచంద్రపురంలో స్థిరపడ్డారు. రెండువేలు దాటిన కొత్తలో నేను పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేదాన్ని. ఆఫీసంటే రేకుల షెడ్డు, ఆరు కంప్యూటర్లు, కిటికీ తెరిస్తే మందుల కంపెనీల ఘాటు వాసన. ఫ్యాక్టరీ మోటార్లను నడిపే ప్రోగ్రాములు చేసేవాళ్లం. ఆ ప్రోగ్రాములన్నీ వాడుకునే ఉమ్మడి కోడు, అంటే లైబ్రరీ, రాయడం, దాన్ని టెస్ట్ చేయడం నా పని.

ఒకే ప్రోగ్రాములో ఎనిమిది పనులు ఒకేసారి నడుస్తుంటాయి. అన్నీ ఒకే మోటారు మీద చెయ్యి వేస్తే గందరగోళం. అందుకని కోడ్‌లోనే ఒక తాళం రాస్తాం. తాళం ఎవరి దగ్గరుంటే వాళ్లే మోటారును తాకాలి, మిగతావి క్యూలో నిలబడాలి. కుళాయి దగ్గర బిందెల వరస లాంటిదే.

ఎనిమిది పనులకూ ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లిచ్చాను. తాళం ఎవరి దగ్గరుందో తెర మీద కనిపించేలా పెట్టాను. టెస్టు చక్కగా నడిచి నడిచి, రోజుకొకసారైనా బిగుసుకుపోయేది. అప్పుడు తెర మీద తాళం తొమ్మిది దగ్గర ఉన్నట్టు చూపించేది.

తొమ్మిది అనే పని అసలు లేదు.

మూడు వారాలు నా ప్రాణం తోడేసింది. క్యూ మొత్తం తిరగరాశాను. మెమరీ చెడిందేమోనని కంప్యూటరు మార్చాను. అది ఏదో చెత్త అంకె అయితే ఒకసారి నలభై, ఒకసారి వెయ్యి రావాలి కదా! నాలుగు పనులే పెట్టి నడిపినా తొమ్మిదే. మా ఎండీ గారు అటుగా వెళ్తూ, "ఏమ్మా, మనకి ఎనిమిది దాకా లెక్కపెట్టడం కూడా రాదా?" అనేవారు. కీబోర్డు ఎత్తి ఆయన మీదకి విసరాలనిపించేది.

సోమవారం గుమ్మడిదల దగ్గర ఒక మందుల కంపెనీలో ఈ ప్రోగ్రాము పెట్టాలి. అప్పటికే రెండుసార్లు వాయిదా అడిగాం. ఈసారి తప్పితే ఆర్డరు పోతుంది, దాంతో నా ఉద్యోగమూ పోతుంది. విసిగిపోయి దొడ్డిదారి రాశాను. 'ఫోర్స్' అని టైప్ చేసి ఎంటర్ కొడితే, తాళం ఎవరి దగ్గరున్నా లాక్కొని మోటారు తిప్పేస్తుంది.

మా షెడ్డులో కరెంటు పనులు చూసే యాదగిరి వెనక నిలబడి, పక్క సీటు వాళ్లకి నేనీ దారి చెప్తుంటే విన్నాడు. అంతకుముందు ఏళ్ల తరబడి ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసిన మనిషి.

"గట్ల చెయ్యకు బిడ్డ. మా దగ్గర మిషన్ల దిగేటోడు స్విచ్చుకు తన తాళం ఏసి, తాళంచెవి జేబుల పెట్టుకొని దిగుతడు. ఏసినోడే తియ్యాలె. తాళం ఉన్నదంటే లోపల మనిషి ఉన్నట్టే."

నాకు ఒళ్లు మండింది. ఇది కోడు, ఇందులో మనుషులుండరు అని కసిరాను. ఆయన తన వైర్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున షిఫ్టు మారగానే ఆ కంపెనీ కంట్రోల్ గదిలో ప్రోగ్రాము మొదలుపెట్టాను. అక్కడ మందు తయారయ్యే రియాక్టర్ రెండు నిలువుల ఎత్తున నిలబెట్టిన ఉక్కు డ్రమ్ము. లోపల పెద్ద రెక్కలు, వాటిని తిప్పే మోటారు పైన ఉంటుంది. ఆ మోటారును మా ప్రోగ్రాము తిప్పాలి. తిప్పలేదు. తెర మీద మళ్లీ తొమ్మిది.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి నా నెత్తిన నిలబడ్డాడు. "ఏంది మేడం గిది? అందరిని పరేషాన్ చేస్తున్నరు. జల్దీ కానీయున్రి."

ఏడుపొక్కటే తక్కువ. 'ఫోర్స్' అని టైప్ చేశాను. ఎంటర్ మీద వేలు పెట్టాను. ఆయన చూస్తుండగా దొంగదారిలో నడపడం నామోషీ అనిపించింది. ఆయన్ని రెండు నిమిషాలు వదిలించుకుందామని, "ఒక్కసారి రియాక్టర్ లోపల చూసి రండి సార్" అన్నాను. అంతే. నాకేదో తోచి కాదు, ఎవరినీ కాపాడాలనీ కాదు.

గొణుక్కుంటూ మెట్లెక్కాడు. పై నుంచి అరుపు వినిపించింది. "అరే, లోపల మనిషున్నడు!"

ఆయన పేరు బిక్షపతి. ముందు షిఫ్టువాళ్లు గోడలు కడగడానికి దింపి, కొత్త షిఫ్టుకు చెప్పకుండా వెళ్లిపోయారు. నేనూ మెట్లెక్కి వెళ్లేసరికి నిచ్చెన మీద పైకి వచ్చాడు, తడిసి ముద్దయి, మమ్మల్ని చూసి నవ్వుతూ. స్విచ్చుకు తాళం ఎందుకు వెయ్యలేదని ఇన్‌ఛార్జి తిట్టాడు.

"యాది మరిసిన సార్" అని నడుముకు వేలాడుతున్న తాళం చూపించాడు. దాని మీద తెల్ల పెయింటుతో నంబరు రాసి ఉంది. తొమ్మిది.

నేను గది దాకా ఎలా నడిచానో గుర్తులేదు. తెర మీద తొమ్మిది పోయింది, ఎనిమిది పనులూ క్యూలో కదులుతున్నాయి. కింద నేను టైప్ చేసిన 'ఫోర్స్' అలాగే ఉంది. ఒక్కో అక్షరం చెరిపాను.

మర్నాడు దొడ్డిదారి కోడు తీసేశాను. యాదగిరికి జరిగింది చెప్తే, "మంచిగైంది" అని ఫ్యూజు మార్చుకుంటూ ఉండిపోయాడు. ఆ టెస్టు తర్వాత నెలల తరబడి నడిపాను, తొమ్మిది మళ్లీ రాలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. రిపోర్టులో 'కారణం' అన్న గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టాను.

దయ్యం అనుకుందామంటే అదీ కుదరదు. దయ్యమైతే ఎవరో ఒకరు చచ్చిపోయి ఉండాలి కదా. ఇక్కడ ఎవరూ చచ్చిపోలేదు.